ఇరవై గోళీలు, రెండు కోన్లు

నన్ను కొన్న రోజు నాకు బాగా గుర్తు. ఎందుకంటే ఆ రోజు ఎవరూ నన్ను కొనాలని ఇంట్లోంచి బయల్దేరలేదు.

కలకత్తాలో సైకిలు సామాను కావాలంటే బెంటింక్ స్ట్రీటుకే రావాలి. ఆ కుర్రాడు భవానీపూర్ నుంచి వచ్చాడు. తెలుగువాడే. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, ఉద్యోగం కోసం యదుబాబు బజారు వెనక సందులో అద్దెకుంటున్నాడు. ట్రాక్ సైకిలు కూర్చుకోవాలని సరదా. దానికి గేర్లుండవు, ఫ్రీవీలుండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే. చేతిలో ఉన్న డబ్బులో చాలాభాగం వెనక హబ్బుకి, అంటే వెనక చక్రం నడిబొడ్డుకి, పోసేశాడు. పోయక తప్పదు లెండి. పళ్లచక్రం దానికే, దాన్ని పట్టి ఉంచే ఎదురుమర రింగు దానికే, కాళ్లతో వెనక్కి అదిమి వేగం తగ్గించినప్పుడు ఆ గుంజులాటంతా దానికే. దాని మరలు జారాయంటే మనిషి రోడ్డు మీద ఉంటాడు.

ఇక ముందు హబ్బు. గొలుసు లాగదు, కాలు తొక్కదు. మోస్తూ తిరిగితే చాలు. పెద్దమ్మాయి పెళ్లి ఘనంగా చేసేశాక రెండో పిల్లకి పెట్టె అడుగున మిగిలిన నగల్లాంటి లెక్క మాది.

కొట్టతను మొదట ఇనప హబ్బు చూపించాడు. చవక, మొండిది. కానీ దానికి 32 రంధ్రాలు. మన పెద్ద సైకిళ్లకి ముందు 32, వెనక 40 చువ్వలుంటాయి, ఇంగ్లీషువాళ్లు వదిలిపోయిన లెక్క. కుర్రాడి రిమ్ముకి 36. తర్వాత మూత బేరింగులున్న హబ్బు తీశాడు. మంచిదే, అబద్ధం చెప్పను. అరిగినప్పుడు దానిమీది నంబరు చెబితే బేరింగుల కొట్లో కొత్తది ఇస్తారు. ధర వినగానే కుర్రాడి చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికొచ్చింది.

అప్పుడు కింది సొరుగులోంచి, దుమ్ముతో సహా, నేను. అల్యూమినియం ఒళ్లు, ఎత్తు చెవులు, 36 రంధ్రాలు. 9 మిల్లీమీటర్ల ఇరుసు, ఫోర్కులో 100 మిల్లీమీటర్ల చోటు, రెండు కొసలా నట్లు. కుర్రాడు ఇరుసుని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. గరగరమంది. మొహం చిట్లించాడు. కొట్టతను గోళీల్ని కప్పుకి అదిమి ఉంచే కోనుని పానాతో కాస్త సడలించి మళ్లీ ఇచ్చాడు. ఈసారి నీళ్లలో వేలు పెట్టి తిప్పినట్టు తిరిగాను. బేరం కుదిరింది. రంధ్రాలు లెక్కపెట్టాడు, వెడల్పు కొలిచాడు, రంగు కూడా చూశాడు. అడగాల్సిన ఒక్క మాట మాత్రం అడగలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నా పుట్టుకలో చెప్పుకోడానికేమీ లేదు. అల్యూమినియం దిమ్మ, లేతు మిషను, లోపల ఉక్కు కప్పులు. కడుపులో పక్కకి 10 చొప్పున 20 గోళీలు, ఒక్కోటి 3/16 అంగుళం. చుట్టరికం మాత్రం గొప్పది. జపాన్లో 1948లో కొకురా ఊళ్లో మొదలైన కెయిరిన్ సైకిలు పందేల్లో ఇప్పటికీ ఎన్.జె.ఎస్. ఆమోద ముద్ర ఉన్న హబ్బులే వాడాలి. వాటిలోనూ నాలాగే విడి గోళీలూ కోన్లే. వాళ్లకీ నాకూ తేడా మెరుగులో, ముద్రలో, ఇంకా ముఖ్యంగా చూసుకునే మనిషిలో.

మొదటి ఏడాది నాది రాజభోగం. తెల్లవారుజామున ట్రాఫిక్ నిద్ర లేవకముందే మైదాన్ వైపు వెళ్లేవాళ్లం. ఈ ఊళ్లో సైకిలుకి తెల్లవారుజామే మంచి ముహూర్తం. 2013లో ఏకంగా 174 రోడ్ల మీద సైకిళ్లని నిషేధించిన నగరమిది. రోడ్డు మీదకి కదా అని ముందు బ్రేకు పెట్టించుకున్నాడు, ఆ మాత్రం బుద్ధి ఉంది. ఒకసారి రైల్లో హైదరాబాదు కూడా తీసుకెళ్లాడు. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన వెలోడ్రోమ్ మీద ఒక పొద్దున తిప్పాడు. ఏటవాలు మలుపులోకి వేగంగా దిగినప్పుడు మనిషి బరువు ఉన్నట్టుండి పెరుగుతుంది. పక్కకి తొయ్యదు, నిట్టనిలువునా నా మీద కూర్చుంటుంది. 20 గోళీలూ ఒక్క మాట మీద నిలబడ్డాయి. వెనక హబ్బు ఆ రోజు టకటకమంది. నేను కిక్కురుమనలేదు. ఈ ముక్క ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కిక్కురుమనకపోవడమే నా కొంప ముంచింది.

వెనక చక్రం చప్పుడు చేస్తే ఆదివారమల్లా విప్పేవాడు, తుడిచేవాడు, గ్రీజు పట్టించేవాడు. నా వంక చూసేవాడు కాదు. ఆ ఏడు వానాకాలం సందులో మోకాలి లోతు నీళ్లు. దిగి నడిపించుకెళ్లొచ్చుగా? తొక్కాడు. ఇరుసు పైదాకా మునిగాను. నా దుమ్ము మూతలు దుమ్మునే ఆపుతాయి, గంగానదిని కాదు. లోపల గ్రీజు బియ్యం కడిగిన నీళ్లయింది. ఇంటికొచ్చి గొలుసు తుడిచాడు, సీటు తుడిచాడు, టవలు ఆరేసుకున్నాడు.

మా పేట కింద మెట్రో నడుస్తుంది. 1984 అక్టోబరు 24న దేశంలో మొట్టమొదటి మెట్రో ఎస్‌ప్లనేడ్ నుంచి ఈ భవానీపూర్ దాకానే నడిచింది, 3.4 కిలోమీటర్లు. ఆ స్టేషన్ని ఇప్పుడు నేతాజీ భవన్ అంటున్నారు. కింద తిరిగే ఆ చక్రాలకి డిపో ఉంది, వేళకి పరీక్షలున్నాయి, చూసేవాళ్లున్నారు. పైన తిరిగే నాకు ఏడాదికోసారి ఓవరాయిలింగ్ కూడా బరువైపోయింది. ఎంతవుతుంది? కాస్త కిరసనాయిలు, వేలెడు గ్రీజు, ఒక గంట.

రెండో వానాకాలానికి కోన్ల మీద స్ఫోటకం మచ్చలు లేచాయి. అప్పుడు గరగరమన్నాను, చేతికి తెలిసేట్టు. మూడో నెలకి కొత్త చక్రం వచ్చింది, మూత బేరింగులది. చువ్వలు విప్పే ఓపిక కూడా లేక కటింగు ప్లేయరుతో కత్తిరించి నన్ను వరండాలో పడేశాడు. అక్కడ నా ఉద్యోగం, గాలికి కొట్టుకునే తలుపుకి అడ్డం. పని తక్కువేం కాదు. కాకపోతే తిరగడం కోసం పుట్టినవాణ్ణి, కదలనందుకు మెప్పు పొందాను.

పూజ సెలవులకి వాళ్ల నాన్న వచ్చాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, రిటైరయ్యాడు. తలుపు తీస్తూ కాలికి తగిలితే వంగి తీశాడు. ఇరుసు బొటనవేలితో తిప్పాడు. కొడుకుని పిలిచాడు.

“ఏట్రా ఇది? దీన్ని ఇప్పి ఎన్నాళ్లయింది?”

“కొన్నప్పట్నుంచీ విప్పలేదు నాన్నా. సప్పుడు చెయ్యలేదు కదా అని.”

ఆయన ఇంకేమీ అనలేదు. పళ్లెంలో కిరసనాయిలు పోశాడు. నా గోళీలు ఒక్కొక్కటే అందులోకి జారాయి, తుప్పు రంగు నీళ్లతో. కప్పుల్లో చిటికెనవేలు పెట్టి చుట్టూ తిప్పాడు. “కప్పులు బాగానే ఉన్నాయి. కోన్లే పోనాయి.”

మర్నాడు ఇద్దరూ నన్ను బెంటింక్ స్ట్రీటుకి తీసుకెళ్లారు. గోళీలు మొదటి కొట్లోనే దొరికాయి, మామూలు సైకిళ్ల ముందు హబ్బులో వేసేవే. కోన్లు ఎక్కడా లేవు. దేశవాళీ కోను 5/16 అంగుళాల ఇరుసుకి. నా ఇరుసు 9 మిల్లీమీటర్లు, మరా వేరు. నన్ను అమ్మిన కొట్లో కూడా తల అడ్డంగా ఊపారు. విడి కోన్లు దొరుకుతాయా అన్న ఆ ఒక్క మాట కొన్ననాడే అడగాల్సింది. దానికి జవాబు లేకపోతే నేను చవకైనా బేరం కాదు, నా నోటితో నేనే చెబుతున్నాను.

కొడుకు నన్ను మళ్లీ తలుపు దగ్గర పెట్టబోయాడు. ముసలాయన అడ్డుకుని పాత పేపర్లో చుట్టాడు. “మా దోస్తుకి లేతుంది. కోను తిప్పడం పెద్ద పనేటి? నీళ్లు పట్టి గట్టి చెయ్యడంలోనే ఉంది కిటుకంతా. సూద్దారి.”

ఇప్పుడు హౌరా నుంచి ఖరగ్‌పూర్ లోకల్లో ఆయన ఒళ్లో ఉన్నాను. కొత్త గోళీలు 20, చొక్కా జేబులో సున్నపు డబ్బీలో గలగలమంటున్నాయి. సంత్రాగాచ్చి దాటాక ఆయన పేపరు విప్పాడు. ఖాళీ కప్పులోకి మళ్లీ చిటికెనవేలు పెట్టి తిప్పుతున్నాడు.