నా కడుపులో పోలీసు కాగితం

నేను ప్లాస్టిక్ ఫైలుని. నీలం రంగు, మూతకు తెల్ల బటన్. భద్రాచలంలో ఓ జిరాక్స్ షాపు గోడకు వేలాడుతుంటే దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన కోయ పిల్ల నన్ను కొనుక్కుంది. తునికాకు డబ్బులు చేతికొచ్చిన రోజులవి. టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, రెండేళ్ళు చదివిన ఏఎన్ఎం సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్ నా కడుపులోకి చేరాయి.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు పొంగింది. ఒడ్డు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆమె బియ్యం మూట తమ్ముడి నెత్తికెత్తి, నన్ను చంకలో పెట్టుకుంది. ఎంత గట్టిగా నొక్కినా బటన్ పక్క సందులోంచి నీళ్ళు దూరాయి. మెమో అంచున ఒండ్రు మరక ఇప్పటికీ ఉంది.

వరద తీశాక ఆమె ఉద్యోగానికి పోలేదు. నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. నేను దూలానికి వేలాడుతూ అంతా చూశాను. ముసలామెను అటూ ఇటూ ఒత్తిగిలించడం, నడుము దగ్గర చర్మం ఎర్రబడిందేమోనని దీపం పట్టి చూడడం, మింగిందో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసుకుంటూ జావ పట్టడం. ఈ పనికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

ముసలామె పోయాక హైదరాబాద్‌లో మంచం పట్టిన పెద్దవాళ్ళను చూసుకునే పని ఉందని స్నేహితురాలు చెప్పింది. ఆ పని ఇప్పించే ఏజెన్సీ వాళ్ళు పోలీసు వెరిఫికేషన్ కావాలన్నారు. దరఖాస్తు పెడితే కానిస్టేబుల్ బండి మీద ఊళ్ళోకి వచ్చాడు. అడవి అంచు ఊళ్ళో ఖాకీ బట్టలు కనబడితే వీధిలో మాటలు ఆగిపోతాయి. "ఈ పిల్ల మీద కేసులేమన్నా ఉన్నాయా?" అని అడిగితే, "ఏం కేసులు సారూ, గొడ్డును కూడా కొట్టదు" అంది పక్కింటామె. ఆధార్‌లో ఇంటిపేరు సోడి, మెమోలో సోడె. కానిస్టేబుల్ రెండూ రాసుకున్నాడు. మంచి పని చేశాడు. అది ఎంత మంచి పనో నాకు తర్వాత తెలిసింది.

ఏజెన్సీలో సూపర్‌వైజరు నన్ను తెరిచి, పోలీసు కాగితం మీద ముద్ర చూసి, మూసేశాడు. అంతే! ఇదివరకు ఎవరికైనా సేవ చేశావా అని అడగలేదు. ఆమె కూడా ఏ ఇంటికి పంపుతున్నారు, ఆ ఇంట్లో ఎవరెవరుంటారు అని అడగలేదు. అడగవచ్చని ఆమెకెవరూ చెప్పలేదు.

ఆమెను ఓ పెద్దాయన ఇంటికి పంపారు. ఆ ఇంటి కోడలు ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. వీడియో కాల్‌లో మామగారిని పలకరించి, "ఏమ్మా, ఫైలు తీసుకురా" అంది. ఒక్కో కాగితం కెమెరాకు చూపించమంది. "కోర్సు అయిపోయాక మధ్యలో ఇంత ఖాళీ ఎందుకుంది?" అని అడిగింది. పిల్ల భయపడింది. "తప్పు పట్టడం కాదమ్మా, నన్నూ ఇలాగే అడిగారు" అంది ఆవిడ. అక్కడ ఉద్యోగానికి ముందు డీబీఎస్ అనే తనిఖీ ఉంటుందట. కేసులతో పాటు, పెద్దవాళ్ళ దగ్గర పనికి పనికిరారని నిషేధించినవాళ్ళ జాబితా కూడా చూస్తారు. పాత యజమానులను అడుగుతారు. ఉద్యోగాల మధ్య ఖాళీలకు కారణం చెప్పాలి.

ఈ పద్ధతికి వాళ్ళు ఊరికే రాలేదు. 2002లో అక్కడి సోహం అనే ఊళ్ళో బడి కేర్‌టేకర్ పదేళ్ళ ఆడపిల్లలిద్దరిని చంపాడు. అంతకుముందు వేరేచోట అతని మీద ఎన్నో ఆరోపణలు వచ్చాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు అతను ఇంకో ఇంటిపేరు చెప్పుకున్నాడు, పోలీసులు కంప్యూటర్‌లో ఆ పేరు మీదే వెతికారు. ఏమీ దొరకలేదు. 2004లో విచారణ నివేదిక, 2006లో పిల్లలతో పాటు నిస్సహాయులైన పెద్దవాళ్ళ కోసం కూడా చట్టం, 2012లో డీబీఎస్ వచ్చాయి. సోడి, సోడె రెండూ రాసుకున్న మన కానిస్టేబుల్ నాకు అప్పుడు గుర్తొచ్చాడు.

మన దగ్గర తల్లిదండ్రుల, వృద్ధుల చట్టం 2007 నుంచీ ఉంది. ఇళ్ళకు పంపే సంరక్షకులకు శిక్షణ ఉండాలి, పోలీసు తనిఖీ జరగాలి అని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే 2024లో లోక్‌సభతో పాటు మురిగిపోయింది.

ఖాళీ ఎందుకో పిల్ల చెప్పింది. వరద, నాయనమ్మ, జావ. కోడలు చాలాసేపు వింది. "పుండ్లు పడ్డాయా?" అంది. "ఒక్కటీ పడనీయలేదు మేడమ్." ఊళ్ళో ఆ సంగతి తెలిసిన ఆశా కార్యకర్త నంబరు తీసుకుని, ఆ పూటే ఫోన్ చేసింది. నా లోపలున్న కాగితాలన్నీ కలిసి చెప్పలేని సంగతి ఆ ఫోన్‌లో తెలిసింది. నాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. పోలీసు కాగితం అక్కర్లేదని కాదు. నమోదైన కేసుల సంగతే అది చెప్తుంది. గడప లోపల దెబ్బ తిని నోరు విప్పని ముసలివాళ్ళ సంగతి దానికి తెలియదు.

మీ ఇంటికి మనిషి వస్తే నన్ను తెరవండి, కానీ ముద్ర చూసి మూసేయకండి. ఇంతకుముందు పనిచేసిన ఇంటికి ఫోన్ చేయండి. ఏమైనా తేడా కనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. అలాగే మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఓ కాగితం మీద రాసి ఆ పిల్లకు ఇవ్వండి. ఆమె ఎక్కడుందో దుమ్ముగూడెంలో వాళ్ళమ్మకు కూడా తెలియాలి.