శనివారపు గురికాడు

శనివారపు గురికాడు అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ అనే తుపాకీ ఆట చుట్టూ పెరిగిన మనిషి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇతను అకౌంటెంటో, పళ్ల డాక్టరో, సాఫ్ట్‌వేర్ ఇంజినీరో. శనివారం పొద్దున మాత్రం నడుముకు దళసరి బెల్టు బిగించి, కుడి పక్కన హోల్‌స్టరు, ఎడమ పక్కన నాలుగు మ్యాగజైన్లు వేలాడదీసి, మువ్వలు కట్టిన కోడెలా చప్పుడు చేసుకుంటూ ఊరి బయటి రేంజికి బయలుదేరతాడు. పోలీసు కాదు, సైనికుడు కాదు. అట్టతో చేసిన బొమ్మలతో తప్ప ఎవరితోనూ పగ లేదు.

ఈ ఆటకు 1976లో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియా పట్నంలో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. తొలి అధ్యక్షుడు జెఫ్ కూపర్. గురి, శక్తి, వేగం అనే అర్థం వచ్చే మూడు లాటిన్ మాటలు దాని నినాదం. మొదటి మాటకూ మూడో మాటకూ సంధి కుదర్చడంలోనే గురికాడి యవ్వనం గడిచిపోతుంది. ఒక చెవిలో ‘నిదానమే ప్రధానం’, రెండో చెవిలో ‘ఆలస్యం అమృతం విషం’ ఒకేసారి వినిపిస్తుంటే ఏ మనిషైనా కాస్త తికమకపడతాడు.

గురి తప్పితే ఇతను చేసే మొదటి పని కొనడం. ముందు పిడికి గరుకు టేపు, తర్వాత తేలికగా కదిలే ట్రిగ్గరు, ఆ తర్వాత పిస్తోలు పైన ఎర్రచుక్క చూపించే అద్దం. ఈ అద్దం దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. ఇంతకాలం కంటికి ఆనని చేతి వణుకును ఆ చుక్క సినిమా వేసి చూపిస్తుంది. చుక్కనే చూస్తూ కూర్చోకుండా చూపును టార్గెట్ మీద నిలిపితే చుక్క దానంతట అదే అక్కడికి వస్తుందని శిక్షకులు చెబుతారు. ఇతను మాత్రం అద్దం మంచిది కాదని తేల్చి ఇంకో రకం తెప్పిస్తాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెతలో ఇన్ని డాలర్లు ఖర్చు కావు.

నిజానికి సాధనలో ఎక్కువ భాగానికి పైసా ఖర్చు లేదు. దాన్ని డ్రై ఫైర్ అంటారు. పిస్తోలు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడమీది చిన్న గుర్తుకు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కడం. పిస్తోలు మీద ఒక నాణెం నిలబెట్టి, అది పడకుండా నొక్కగలిగితే వేలు దారికొచ్చినట్టు. తర్వాత టైమరు. అది బీప్ అనగానే హోల్‌స్టరులోంచి తీసి గురిపెట్టాలి. రెండో బీప్ వచ్చేలోగా పని ముగియాలి. కుదిరిన కొద్దీ ఆ వ్యవధిని పదో వంతు సెకను చొప్పున కోస్తూ పోవాలి. రోజూ పది నిమిషాలు చేస్తే చాలని ఇతను కొత్తవాళ్లందరికీ బోధిస్తాడు. తాను మాత్రం శుక్రవారం రాత్రి, పరీక్ష ముందు రోజు చదివే కుర్రాడిలా, రెండు గంటలు చేస్తాడు. ఇంట్లో మైక్రోవేవ్ బీప్ అన్నా ఇతని చేయి నడుం మీదికి పోతుంది. అన్నం వేడెక్కిందని భార్య విడిగా చెప్పాలి.

డాలస్ చుట్టుపక్కల కనిపించే తెలుగు గురికాడికి ఒక అదనపు చిక్కు ఉంది. అమెరికా రాకముందు ఇతను పట్టుకున్న ఆయుధం దీపావళి రీలు తుపాకీ ఒక్కటే. లక్ష్మీబాంబు వత్తికి నిప్పు తగలకముందే కళ్లు మూసి పరిగెత్తిన అలవాటు ఒంట్లో భద్రంగా ఉంది. తుపాకీ పేలబోతోందని మెదడుకు తెలియగానే చేయి ముందే బిగుసుకుని గొట్టాన్ని కిందికి తోస్తుంది. గుండు కుడిచేతివాటం వాళ్లకు సాధారణంగా కిందికి, ఎడమకు పోతుంది. ఈ జబ్బు అమెరికా వాళ్లకూ సమానంగానే ఉంది గాని, వాళ్లకు చెప్పుకోవడానికి లక్ష్మీబాంబు లేదు. దసరాకు పిస్తోలుకు కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టినా గుండు దారి మార్చుకోదు.

జబ్బును బయటపెట్టే పరీక్ష చాలా సులువు. స్నేహితుడు మ్యాగజైనులో అసలు తూటాల మధ్య ఒకటి రెండు ఉత్తుత్తి తూటాలు కలిపి ఇస్తాడు. ఏది ఎప్పుడొస్తుందో కాల్చేవాడికి తెలియదు. ఉత్తుత్తిది వచ్చినప్పుడు ‘టక్’ అని చిన్న శబ్దం. పేలుడు లేదు, తన్ను లేదు. అయినా గొట్టం దణ్ణం పెట్టినట్టు కిందికి వంగుతుంది. వెనక నిలబడ్డ నలుగురూ చూస్తారు. అప్పుడు గురికాడు పిస్తోలు వైపు అనుమానంగా చూసి, స్ప్రింగు మార్చాలి అంటాడు.

పోటీ రోజున మొదటి ఘట్టం వాక్‌త్రూ. అసలు కాల్పులకు ముందు ఐదు నిమిషాల పాటు వరుసగా నడిచి, ఎక్కడ నిలబడాలో, ఏ టార్గెట్ తర్వాత ఏదో, మ్యాగజైన్ ఎక్కడ మార్చాలో ఆలోచించుకునే అవకాశం ఇస్తారు. పొట్టలు వచ్చిన పదిమంది పెద్దమనుషులు రెండు చేతులూ జోడించి చూపుడువేలు ముందుకు చాపి, పెదాలు కదుపుతూ ప్రదక్షిణం చేస్తుంటారు. కొత్తగా చూసేవాళ్లు ఏ దేవుడని అడగవచ్చు. బీప్ మోగిన మరుక్షణం ఆ మంత్రమంతా ఎగిరిపోతుంది.

మార్కుల లెక్క ఇతన్ని నిలవనివ్వదు. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. కూపర్ పెట్టిన ‘ఎల్ ప్రెసిడెంటే’ కసరత్తునే తీసుకుంటే, పది గజాల దూరంలో మూడు టార్గెట్లు. వీపు తిప్పి నిలబడి, బీప్ రాగానే తిరిగి, ఒక్కోదానికి రెండేసి, మ్యాగజైన్ మార్చి మళ్లీ రెండేసి, మొత్తం పన్నెండు గుళ్లు. నడిమి భాగానికి 5 పాయింట్లు, తేలికపాటి తూటాతో దాని పక్క భాగానికి 3, పూర్తిగా తప్పితే 10 కోత. అన్నీ నడిమిలో కొట్టి 10 సెకన్లు తీసుకుంటే 60 పాయింట్లు, అంటే 6. నాలుగు కాస్త పక్కకు పోయినా 7 సెకన్లలో ముగిస్తే 52ను 7తో భాగించి దాదాపు 7.4. రెండు పూర్తిగా తప్పి 6 సెకన్లలో ముగిస్తే 30ని 6తో భాగించి 5. మొదటి లెక్క గుర్తొచ్చిన వారం తొందరపడతాడు. మూడో లెక్క గుర్తొచ్చిన వారం నత్తలా కదులుతాడు. మధ్య లెక్క గుర్తొచ్చే వారం వర్షం పడి పోటీ రద్దవుతుంది.

1999లో జెర్రీ మిక్యులెక్ అనే మేటి షూటరు రివాల్వరుతో ఆరు గుళ్లు పేల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు పేల్చడం 2.99 సెకన్లలో ముగించాడు. ఈ సంగతి మన గురికాడు తన గొప్పలా చెప్పుకుంటాడు. తనది సి తరగతి, అంటే జాతీయ స్థాయి ఆటగాళ్లతో పోలిస్తే 40 నుంచి 60 శాతం. ఆ తరగతిలో ఎన్నేళ్లుగా ఉన్నాడో అడిగితే కొత్త హోల్‌స్టరు కబుర్లు మొదలవుతాయి.

గొట్టం వెనక్కి తిరిగినా, పిస్తోలు చేతిలోంచి జారినా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. దాన్ని డీక్యూ అంటారు. డెయిరీ క్వీన్ అనే ఐస్‌క్రీం దుకాణాల పొడి అక్షరాలూ అవే కాబట్టి, ఇంటికి పంపినవాణ్ణి ఐస్‌క్రీం తిని రమ్మనడం ఈ ఆటలో పాత వేళాకోళం. ఈ నియమం దగ్గర మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

ఫలితాలు చదివేలోపు ఇతను గడ్డిలో వంగి, చింతకాయలు ఏరినట్టు ఖాళీ తూటా గొట్టాలు ఏరుకుంటాడు, మళ్లీ మందు నింపుకోవడానికి. నూటయాభై పేల్చినవాడు నూటడెబ్బై సంచిలో వేసుకుని ఇల్లు చేరతాడు. ఇతనికి నూరు శాతం దాటే లెక్క ఇదొక్కటే.