వీసీ గారికి కొన్ని ఉచిత సలహాలు

ర్యాంకుల గురించి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజు టీవీ పెడితే చాలు, "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని ఊపిరి తీసుకోకుండా అరిచే గొంతు వింటూనే మన పిల్లలు పెరిగారు. ఒకే ఫస్టు ర్యాంకు నాలుగు కాలేజీల హోర్డింగుల మీద ఎలా వెలిసిందని మనం ఏనాడైనా అడిగామా? అలాంటి గడ్డ మీద వర్సిటీలు ప్రపంచ జాబితాల్లో వెనకబడటం మనకు నామర్దా కాదూ! అందుకే వైస్ ఛాన్సలర్ గార్లకు ఈ వారం నా ఉచిత సలహాలు.

అయ్యా, ముందు పాఠాలు చెప్పించడం మీద మోజు తగ్గించుకోండి. 2003లో మొదలైన షాంఘై ర్యాంకుల జాబితాలో "విద్యా నాణ్యత" అనే గడి కింద లెక్కపెట్టేది పూర్వ విద్యార్థులకు వచ్చిన నోబెల్, ఫీల్డ్స్ బహుమతుల్నే. మీ దగ్గర చదివినవాడు ఎప్పుడో స్టాక్‌హోమ్ వెళ్తే మార్కులు. ఈ ఏడాది బీఎస్సీ పిల్లలకు ల్యాబులో పరికరాలు ఉన్నాయా లేదా అన్నదానికి గడే లేదు.

నోబెల్ కష్టమంటారా? సైటేషన్లు ఉన్నాయి. మీవాళ్లు రాసిన వ్యాసాన్ని ఇంకెవరో తమ వ్యాసంలో ప్రస్తావిస్తే అది సైటేషన్. 2010లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయం టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ జాబితాలో 147వ స్థానానికి ఎక్కింది. సైటేషన్ల పట్టికలోనైతే ప్రపంచంలోనే నాలుగోది! ఏమిటా అని ఆరా తీస్తే, అక్కడి ఒక ఆచార్యులు తాను సంపాదకుడిగా ఉన్న పత్రికలోనే వందల వ్యాసాలు వేసుకున్నారని తేలింది. మీ క్యాంపస్‌లో అంతటి కృషీవలుడు దొరక్కపోతే చండీగఢ్ దారి పట్టండి. 2013లో అదే జాబితాలో పంజాబ్ విశ్వవిద్యాలయం మన ఐఐటీలన్నిటినీ దాటేసింది. జెనీవా దగ్గర నేల కింద కణాలను ఢీకొట్టించే మహా ప్రయోగంలో అక్కడి భౌతికశాస్త్రవేత్తలూ ఉన్నారు. వేలమంది రచయితల పేర్లున్న ఆ వ్యాసాల పేరుప్రతిష్ఠలు వర్సిటీ మొత్తానికీ అంటుకున్నాయి. ఆ శాస్త్రవేత్తల పని గొప్పదే, సందేహం లేదు. దానివల్ల అక్కడి తత్వశాస్త్ర విభాగం ఎలా మెరుగుపడిందో మాత్రం ఆ జాబితా చెప్పలేదు. రెండేళ్లకు వెయ్యిమందికి మించి రచయితలున్న వ్యాసాల్ని లెక్కలోంచి తీసేశారు.

ఇక క్యూఎస్ అనే సంస్థ జాబితా. ఇందులో 30 శాతం మార్కులు విద్యావేత్తల అభిప్రాయ సేకరణకే. అంటే మీ వర్సిటీ పేరు ఎవరో ఒకరికి గుర్తుండాలి. ఈ సంస్థ ర్యాంకులు ఇస్తుంది, డబ్బులు తీసుకుని విడిగా స్టార్లూ ఇస్తుంది, సలహా సేవలూ అమ్ముతుంది. దీన్ని మరోలా అర్థం చేసుకోకండి, తిరుమలలో మూడొందల టికెట్టును ఎవరైనా లంచం అంటారా? రష్యా వర్సిటీల లెక్కలు తీసిన ఒక బర్కిలీ పరిశోధకుడు మాత్రం, ఆ సేవలు తరచుగా కొన్నవి తమ అసలు సత్తాకు మించి మెట్లెక్కాయని 2021లో రాశాడు. అలాంటిదేమీ లేదంది క్యూఎస్.

అసలు కబురు ఇప్పుడు చెబుతా. అధ్యాపకులకూ విద్యార్థులకూ ఉన్న నిష్పత్తికి క్యూఎస్ ఒకప్పుడు 20 మార్కులు వేసేది. 2023లో ఆ ఇరవైని పదికి దించింది. మన ప్రభుత్వాల ముందుచూపు చూడండి! పాఠం చెప్పేవాళ్ల విలువ ఎప్పటికైనా సగమవుతుందని ఎన్నో ఏళ్ల ముందే పసిగట్టి నియామకాలు మానేశాయి. తెలంగాణ వర్సిటీల్లో మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఆంధ్రలో 2023లో 3,220 పోస్టులకు ప్రకటన ఇస్తే అది కోర్టు మెట్లెక్కి కూర్చుంది. ఈలోగా పాఠాలు చెప్పేది కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ లెక్చరర్లు. జీతం ఎప్పుడొస్తుందో తెలియని ఆ మనిషే సాయంత్రం దాకా కూర్చుని ర్యాంకింగ్ పోర్టల్‌లో అంకెలు నింపుతాడు. "పూర్తికాల అధ్యాపకులు" అన్న గడి దగ్గర తన్ను ఎందులో చేర్చుకోవాలో ఆయనకే అర్థం కాదు.

పారదర్శకత లేదంటూ 2020లో ఏడు ఐఐటీలు టైమ్స్ జాబితాకు దండం పెట్టేశాయి. వాళ్లకు చెల్లుతుంది, మీరు అలగకండి. అలిగితే మంత్రిగారి పక్కన ఫొటో ఉండదు. పైగా ఇప్పుడు ర్యాంకు అంటే వీసా. 2022లో బ్రిటన్ తెలివైన పట్టభద్రుల కోసం ఒక వీసా పెట్టి, అర్హత ఉన్న వర్సిటీల జాబితాను ఈ ర్యాంకుల నుంచే తయారుచేసింది. తొలి జాబితాలో భారతీయ విశ్వవిద్యాలయం ఒక్కటీ లేదు. మన యూజీసీ కూడా తక్కువ తినలేదు. ప్రపంచంలో మొదటి 500లో ఉన్న విదేశీ వర్సిటీలు వచ్చి ఇక్కడ క్యాంపస్‌లు పెట్టుకోవచ్చని 2023లో నిబంధనలు రాసింది. మనవాళ్ల సరుకు బాగుందో లేదో తేల్చే తూకం కూడా పరాయి కొట్టుదే.

అన్నిటికన్నా దగ్గరి దారి ఒకటుంది, పని మొదలుపెట్టకపోవడం. 2018లో కేంద్రం శ్రేష్ఠ సంస్థలను ప్రకటించినప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీ పక్కనే జియో ఇన్‌స్టిట్యూట్ పేరూ వచ్చింది. అప్పటికి అందులో విద్యార్థి లేడు, పాఠం లేదు. ఖాళీ పోస్టు కూడా ఒక్కటీ లేదు.

వీసీ గారికి ఇవి చాలు. ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట. అడ్మిషన్ల వేళ వర్సిటీ గేటు మీద ర్యాంకు ఫ్లెక్సీ కనిపిస్తే ఫొటో తీసుకోండి, తప్పు లేదు. లోపలికి వెళ్లి మాత్రం, మీ అమ్మాయి చేరబోయే విభాగంలో పర్మనెంటు అధ్యాపకులు ఎంతమందో అడగండి. నోటితో చెప్పకపోతే సమాచార హక్కు కింద కాగితం పెట్టండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు.