పాతాళం నుంచి ఒక అర్జీ

నర్సీపట్నం పక్కన బలిఘట్టంలో వరాహ నది ఉత్తరముఖంగా పారుతుంది. బలి చక్రవర్తి యజ్ఞం చేసిన చోటు ఇదేనని స్థలపురాణం. తర్వాతి కథ తెలిసిందే: వామనుడు మూడడుగులు అడిగాడు, చక్రవర్తికి పాతాళానికి బదిలీ అయింది. ఇన్ని యుగాలూ కిమ్మనని ఆ పెద్దమనిషి మొన్న సోమవారం అర్జీ పెట్టుకున్నాడు.

"అయ్యా! మీ వాళ్ళూ మూడడుగులే వేశారు, కాకపోతే కిందికి. తాతలు నేలబావి తవ్వి ఏతం వేశారు, సరే అన్నాను. కొడుకులు బోరు దింపారు. మనవలు దాని పక్కనే రెట్టింపు లోతుకు ఇంకోటి. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో తిరుగుతుంటాడు, అది నిలువుగా లేచిన చోటల్లా నా నెత్తిన కన్నమే. అడిగితే లేదనడం నాకు చేతకాదు. నా భయమూ అదే."

విచారణ జరిగింది. రైతు వానమీద చెప్పాడు. చెరకు నోరు మెదపలేదు. ఏడాది పొడవునా నీళ్ళు తాగే పంటకు నోరు ఖాళీ ఉంటే కదా! అసలు ముద్దాయి షెడ్డులో గోడకు వేలాడుతోంది: ఆటో స్టార్టరు. 2004లో ఉచిత కరెంటు ఫైలుమీద సంతకం పడ్డాక మోటారుకు రైతుతో పని తీరిపోయింది. ఏ వేళ కరెంటొచ్చినా అదే లేస్తుంది, చేను నిండి గట్టు దాటినా ఆగదు. పాపం, రైతుననీ లాభం లేదు. వరికీ చెరకుకీ కొనేవాడున్నాడు, రాగులు వేస్తే ఎవరు కొంటారో ఎవరూ చెప్పరు.

ఇక్కడివి తూర్పు కనుమల రాళ్ళు. నీరుండేది పైనున్న చివికిన పొరలోనూ, దాని కింది పగుళ్ళలోనూ. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, అప్పు పెరుగుతుంది. వాననీటిని పట్టి మెల్లగా బావులకు వదిలే ఏటి ఇసుకను ట్రాక్టర్లకెత్తితే, నీరు ఆగకుండా సముద్రం దారి పడుతుంది.

చట్టం లేదా అంటే 2002 నుంచీ ఉంది, వాల్టా. అనుమతి లేకుండా బోరు వేయకూడదు. కానీ నీటి ధారకు అడ్డుపడిన అధికారి పురాణాల్లో ఒక్కడే, శుక్రాచార్యుడు. ఆయనకు కన్ను పోయింది. ఆ సంగతి మన ఆఫీసులకు బాగా గుర్తు.

తుపాను పోయాక నవంబరులో బావుల్లో నీటిమట్టం లేస్తే 'జలాలు పెరిగాయి' అని ప్రకటన వస్తుంది. మే నెలలో అడుగు కనిపించినప్పుడు రాదు. ఒకే బావిని ఏటేటా అదే నెలలో చూస్తేనే పెరిగిందో తరిగిందో తేలేది. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు రైతులు ఇరవై ఏళ్ళ కిందటే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో, బోర్లలో మట్టం తామే కొలిచి, ఉన్న నీటికి సరిపడా రబీ పంట ఎంచుకున్నారు.

కాబట్టి అయ్యలారా, వచ్చే మే నెలలో రాత్రంతా మోటారు ఆపి, పొద్దున్నే తాడుకు బరువు కట్టి నీటిని తాకేదాకా నేలబావిలోకి వదలండి. ఎన్ని మీటర్లో షెడ్డు గోడమీద తేదీ వేసి రాయండి. నవంబరులో మళ్ళీ, ఏటేటా ఇలాగే రాయండి. ఆటో స్టార్టరు మాత్రం ఇవాళే పీకేయండి.