శుద్ధసంగీతాభిమాని

గానసభ యున్న ప్రతి పట్టణమందును, మొదటి వరుసలో విసనకఱ్ఱతో కూర్చుండి, కచేరి యారంభము కాకమునుపే తల యూపుటకు సిద్ధపడియుండు పెద్దమనిషిని పాఠకులు చూచియే యుందురు. ఆయన పాడడు, వాయింపడు, తీర్పు చెప్పును. ఆయన మతమున సంగీతమునకును వర్ణాశ్రమధర్మము కలదు: కృతి పూజాగృహమున నుండవలెను, పదములు జావళులు నడవలో నిలువవలెను, హరికథ అరుగుమీద కూర్చుండవచ్చును, నాటకపు పద్యము వీధిలోనే యాగవలెను, సినిమాపాట యూరిబయట నుండవలసినదే.

గాయకునకు కాలప్రమాణము లేదని నొచ్చుకొనుచు ఆయన తన తొడపై వేయు ఆదితాళము ఒకప్పు డేడక్షరములకును, మఱియొకప్పుడు తొమ్మిదింటికిని ముగియును. మృదంగవిద్వాంసుడు తని యారంభించిన క్షణముననే ఆయనకు కాఫీ జ్ఞప్తికి వచ్చును.

హార్మోనియమును 1940లో రేడియోవారు బహిష్కరించుట ఆయన దృష్టిలో ధర్మసంస్థాపనము. అది పరదేశపు పెట్టె గదా! మరి ఫిడేలో యని యడిగితిరా, బాలుస్వామి దీక్షితులు దానిని మన గానమునకు మలచినప్పుడే దాని మైల తీరినదనును. బాలుస్వామి యన్నగారైన ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యము కూర్చి నోట్టుస్వరములు రచించిరి గదా యన్నచో, ఒక్కక్షణము విసనకఱ్ఱ నాపి, "అది అనుగ్రహమయ్యా, అనుకరణము కాదు" అనును.

కేస్కరుగారు 1952లో కేంద్ర సమాచార ప్రసారశాఖకు మంత్రియైన పిమ్మట రేడియోలో సినిమాపాటల గొంతు నొక్కబడిన కాలము ఆయనకు కృతయుగము. ఇంట రేడియో మీట త్రిప్పు హక్కు ఆయన దొక్కనిదే యైనను, ఆయన పూజకు కూర్చుండుటయే తడవుగా కోడలు దానిని సినిమాపాటలకై సిలోను రేడియోకు త్రిప్పుచుండెడిది. విచిత్ర మేమన, ఆ పాటలు ముగియువరకు ఆయన సహస్రనామము ముగిసెడిది కాదు. 1957లో మన రేడియోలోనే వివిధభారతి పుట్టి, ఆమెకు సముద్రము దాటు శ్రమ తప్పించినది.

పొరుగింటి కిటికీనుండి హిందోళము వినవచ్చినప్పుడు ఆయన కన్నులు మూసికొని "ఆహా, ఏమి గమకము!" అని కరగిపోవును. అది ఘంటసాలవారి సినిమాపాట యని తెలిసినంతనే కన్నులు తెఱచి, "అందుకే నిషాదము కొంచెము జాఱినది" అనును. ఆ ఘంటసాలవారు విజయనగరపు సంగీతకళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై శాస్త్రమభ్యసించినవారే యని గుర్తుచేసితిమా, "అభ్యసించి చెడినవాడు మఱింత పాపి" యని తీర్పు నింకొక మెట్టు పైకి నెట్టును.

నా మట్టుకు, నిద్ర తెప్పించిన తోడిని విన్నాను, నిద్ర చెఱచిన బుఱ్ఱకథను విన్నాను. ఈ రెంటిలో ఏది యుత్తమజాతిదో తేల్చవలసి వచ్చినచో రెండవదానివైపే చేయెత్తుదును. ఈ మాట ఆయనతో ననలేదు. ఆయనకు రక్తపుపోటు కలదు.

కావున పాఠకులారా, సభలో ఆయన ప్రక్క కుర్చీయే మీకు దొరకినచో, పాట బాగున్నంతసేపు ఆయనతోపాటు హాయిగా తల యూపుడు. ఆ మెట్టు ఎక్కడిదో మాత్రము ఆయన రిక్షా యెక్కి వీధిమలుపు తిరుగువఱకు చెప్పకుడు.