బంధవిమోచనం: బ్రేకు కనెక్టరు పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
బ్యాటరీకి నల్ల బంధమ్ము తొలగించు
తాళ మెత్తి మీట తలను దిప్పు
తీగ పట్టి లాగఁ దెగటారు పిన్నులు
పచ్చ చిలుము చూచి భయము వలదు

అవతారిక: అమెరికా దేశాన కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ అనే ఊళ్ళో 1997 మోడలు మొదలు 2004 మోడలు దాకా పుట్టిన ఐదో తరం షెవ్రొలే కార్వెట్టు ఈ పద్యానికి నాయిక. ఇప్పుడు ఆమెకు వయసు మళ్ళింది. ఒకనాడు తాళంచెవి తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ‘సర్వీస్ ఏబీఎస్’, ‘సర్వీస్ ట్రాక్షన్ సిస్టమ్’, ‘సర్వీస్ యాక్టివ్ హ్యాండ్లింగ్’ అంటూ ఆకాశవాణి పలికినట్టు వరసగా మూడు వాక్యాలు వెలిగాయి. యజమాని కూలబడ్డాడు. అతణ్ణి ఊరడించడానికి ఒక గ్యారేజి గురువు ఆశువుగా చెప్పిన పద్యమిది. కవి ఎవరో తెలియదు. చొక్కా మీది పేరు బిళ్ళను గ్రీజు కప్పేసిందని సంప్రదాయజ్ఞులంటారు. డల్లాసులో స్థిరపడిన తెలుగువాడని కొందరి మతం. అరసున్న వాడాడు గనుక పెద్ద వయసువాడే అయి ఉంటాడని మా ఊహ.

ప్రతిపదార్థం: (ఓయీ, స్పానరు పట్టినవాడా!) బ్యాటరీకిన్ = పన్నెండు వోల్టుల నిధికి; నల్ల బంధమ్ము = నెగటివ్ కేబులును; తొలగించు = ఊడదీయుము; తాళము = బ్రేకు మాడ్యూలుకు (ఏబీఎస్ కంప్యూటరు పెట్టెకు) తీగలను కలిపే కనెక్టరు మీది ప్లాస్టిక్ గొళ్ళెమును; ఎత్తి = సడలించి; మీట తలను = లివరు కొసను; తిప్పు = అది ఆగునంతవరకు త్రిప్పుము; తీగ పట్టి = వైర్ల కట్టను పిడికిట బిగించి; లాగన్ = గుంజినచో; పిన్నులు = లోపలి లోహపు ముళ్ళు; తెగటారు = చచ్చును; పచ్చ చిలుము = రాగికి పట్టిన ఆకుపచ్చ మడ్డిని; చూచి = కన్నులారా కాంచి; భయము వలదు = కొత్త మాడ్యూలుకు ఆర్డరు పెట్టవలదని ధ్వని.

తాత్పర్యం: కరెంటు కట్టేసి, లాకు తీసి, లివరు తిప్పి కనెక్టరును మర్యాదగా ఊడదీయి. తుప్పు కనిపిస్తే కంగారు పడకు.

విశేషాలు: మొదటి పాదం దగ్గరే కవిది ఒక లోపం. నల్ల బంధాన్ని తొలగించడానికి ముందు కారు దాచుకున్న లోపపు కోడు చదువుకోవాలన్న మాట మింగేశాడు. ఈ కారులో అందుకు స్కానరు కూడా అక్కరలేదు. ఇంజను స్టార్టు చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, ఆప్షన్స్ బటను నొక్కిపట్టి, ఫ్యూయల్ బటను నాలుగుసార్లు నొక్కితే నాయిక తన బాధలు తానే చెప్పుకుంటుంది. ఒక్కో కోడు పక్కన ‘హెచ్’ ఉంటే పాత బాధ, ‘సి’ ఉంటే ఇప్పటి బాధ. 28వ నంబరు కింద వచ్చేవి బ్రేకు, ట్రాక్షన్ బాధలు. అక్కడ ‘సి 1214’ అని కనబడితే మన కథ మొదలైనట్టే.

నల్ల బంధం తీయడం వల్ల ఒక అనర్థం కూడా ఉంది. ఈ తరం కార్వెట్టులో కరెంటు పోయి వచ్చినప్పుడు స్టీరింగ్ కాలమ్ తాళం బిగుసుకుపోయి విడకపోవడం ప్రసిద్ధ వ్యాధి. దానికి తయారీదారు రీకాల్ కూడా జరిపాడు. ఆ మరమ్మతు జరిగిందో లేదో కనుక్కోకుండా బంధం తీసినవాడు బ్రేకు బాగుచేయబోయి చక్రానికి సంకెళ్ళు వేసుకుంటాడు.

రెండు, మూడు పాదాలు సుబోధకం. లివరు మొరాయిస్తే స్క్రూడ్రైవరుతో పెళ్ళగించకండి, గొళ్ళెం పూర్తిగా జరగలేదన్నమాట.

నాలుగో పాదమే ఈ పద్యానికి ప్రాణం. ఇక్కడ రెండు మతాలున్నాయి. పెట్టె మార్చేవారి మతం పూర్వపక్షం: ‘సి 1214’ అంటే సోలెనాయిడ్ వాల్వు రిలే కాంటాక్టో కాయిలు సర్క్యూటో తెగినట్టు, ఆ రిలే ఉన్నది మాడ్యూలు కడుపులో, కాబట్టి మాడ్యూలే దోషి, కొత్తది తెండి. తర్కం నున్నగానే ఉంది. కానీ రిలేకు చేరే కరెంటు బలహీనంగా ఉన్నా, తిరుగు దారి అయిన ఎర్తు చెడినా, తెగిన రిలే ఎలా కనిపిస్తుందో బాగున్న రిలే కూడా అలాగే కనిపిస్తుంది. కాబట్టి ముందు తీగను విచారించాలన్నది సిద్ధాంతం. మాడ్యూలు నిజంగానే చెడిపోయిన కార్లూ చాలా ఉన్నాయి. దాన్ని చివర అనుమానించాలన్నదే మా పట్టు.

ఎర్తు విషయంలో కార్వెట్టుది విడ్డూరపు జన్మ. ఒంటి పలకలు ఉక్కువి కావు, ఫైబర్‌గ్లాసు వంటి మిశ్రమ పదార్థంవి. మామూలు కారులో దగ్గరున్న రేకుకు బోల్టు బిగిస్తే ఎర్తు దొరుకుతుంది. ఇక్కడ ఆ భాగ్యం లేదు. ఎర్తు తీగలన్నీ లోపలి లోహపు ఫ్రేమును వెతుక్కుంటూ పోవాలి. ఆ ఫ్రేము మీద వాన, ఉప్పు, బురద. అక్కడ బోల్టు కింద తుప్పు పేరుకుంటే నింద మాడ్యూలు మీద పడుతుంది.

ఇక మల్టీమీటరు సంగతి. అది సజ్జనుడే, మోసగాళ్ళ మాట కూడా నమ్మేస్తుంది. దాని నిరోధం దాదాపు ఒక కోటి ఓములు కావడంతో అది లాగే కరెంటు లెక్కలోకి రాదు. తీగలో ఒక్క పోగు మిగిలినా ‘పన్నెండు వోల్టులు, అంతా క్షేమం’ అంటుంది. అదే తీగ మీద 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు వెలిగించి చూడండి. దానికి నాలుగున్నర ఆంపియర్లు కావాలి. దారిలో అర ఓము చిలుము ఉన్నా దాదాపు 2 వోల్టులు మధ్యలోనే ఆవిరైపోతాయి, బల్బు నీరసపడుతుంది. ఇది సాక్ష్యం. మీటరు చెప్పేది సాక్షి సంతకం మాత్రమే.

చిలుము వదిలించడానికి కాంటాక్టు క్లీనరు, మెత్తటి నైలాన్ బ్రష్షు చాలు. గరుకు కాగితంతో రుద్దితే పిన్నుల పూత పోయి చిలుము మరింత వేగంగా తిరిగొస్తుంది. ఆడ టెర్మినల్లో లావు ప్రోబు దూర్చితే నోరు సాగి పట్టు పోతుంది, కొత్త జబ్బు మన చేతుల మీదుగానే వస్తుంది. కనెక్టరు మీద బ్రేకు నూనె జాడ కనబడితే పైనున్న మాస్టరు సిలిండరు కారుతోందేమో చూడాలి. డైఎలక్ట్రిక్ గ్రీజు విద్యుత్తును ప్రసారం చేయదు. దాన్ని రబ్బరు సీలుకు పలచగా రాయాలే తప్ప తలనూనెలా పిన్నులకు దట్టించకూడదు. పద్యం ఆటవెలది గనుక ఆడవచ్చు, బిగించాక కనెక్టరు మాత్రం ఆడకూడదు. కట్టను అటూ ఇటూ కదిపి, మెసేజి వచ్చిపోతుందేమో గమనించాలి.

శంక: పెడలుకు నూనె ఒత్తిడి ఎలాగూ ఉంటుంది కదా, కనెక్టరు ఊడదీసి ఇంటికి నడుపుకుపోతే ఏం? సమాధానం: బ్రేకు పడుతుంది నిజమే. కానీ ఈ తరం కార్లు కొన్నింటిలో వెనక చక్రాలకు వెళ్ళే ఒత్తిడిని అదుపు చేసేది కూడా ఈ మాడ్యూలే. పాతకాలపు ప్రపోర్షనింగ్ వాల్వు పని దానికే అప్పగించారు. అది నిద్రలో ఉండగా గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందుగా బిగిసి తోక తిరగవచ్చు. ఎర్రని బ్రేకు దీపం వెలిగేది అందుకే. కనెక్టరు బిగించి ఆ దీపం ఆరేదాకా బండిని రోడ్డెక్కించకండి.