ఒకే గదిలో పుట్టిన పాటలు

ఇప్పటి పాటలు తయారయ్యే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. డ్రమ్స్ ఒక ఊళ్లో, గిటారు ఇంకో ఊళ్లో. గాయకుడు వచ్చి ముక్కముక్కగా పాడేసి పోతాడు. శ్రుతి తప్పితే కంప్యూటరు సరిచేస్తుంది. చివరికి ఊపిరి పీల్చిన చప్పుడు కూడా కత్తిరించేస్తున్నారు. మనిషి ఊపిరి వినపడని పాట ఎవరిక్కావాలి?

మా రోజుల్లో ఓటిస్ రెడ్డింగ్ ఉండేవాడు. జార్జియా రాష్ట్రంలో, మేకన్‌లో పెరిగిన నల్లజాతి కుర్రాడు. 1962లో జానీ జెంకిన్స్ అనే గిటారిస్టుకి కారు నడుపుతూ మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోకి వచ్చాడు. జెంకిన్స్ రికార్డింగు అంతంతమాత్రంగా సాగింది. చివర్లో కాస్త టైము మిగిలితే ఓటిస్‌తో పాడించారు. ‘దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్’ అలా వచ్చింది. ఈ రోజున డ్రైవరుకి మైకు ఇచ్చే నిర్మాత ఎక్కడున్నాడు? ముందు ఫాలోవర్లు ఎంతమందని అడుగుతాడు.

ఆ స్టాక్స్ ఏమన్నా ఇంద్రభవనమా? మూతపడ్డ సినిమా హాలు. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలు అలాగే ఉండిపోయింది. డ్రమ్స్ మీద ఆల్ జాక్సన్, గిటారుతో స్టీవ్ క్రాపర్, బేస్‌తో డక్ డన్, ఆర్గన్ ముందు బుకర్ టి. జోన్స్. ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. బయట ఊళ్లో పక్కపక్కన కూర్చుని భోంచేయడమే కష్టమైన కాలంలో, లోపల ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించేవారు. ట్రంపెట్టు, శాక్సఫోను వాళ్లకి స్వరాలు రాసివ్వడం ఉండేది కాదు. ఏం ఊదాలో ఓటిస్ నోటితోనే పాడి చూపించేవాడు. అందుకే ఆయన గొంతు ఆగిన చోట వాళ్లు అందుకుంటే, మాటకి మాట చెప్పినట్టే ఉంటుంది.

1965 జూలైలో ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్ దాదాపు మొత్తం ఒక్క రోజులో పూర్తిచేశారు. మధ్యలో రాత్రి ఆపారు. ఎందుకనుకున్నారు? వాయించేవాళ్లకి వేరేచోట కచేరీలున్నాయి. అవి ముగించుకుని రెండింటికి మళ్లీ వచ్చి తెల్లవార్లూ వాయించారు. పాటకి ఆరునెలలు పట్టే మహానుభావులు ఈ సంగతి తెలుసుకోవాలి. ‘రెస్పెక్ట్’ అందులోదే, ఓటిస్ రాసిందే. రెండేళ్లకి అరెథా ఫ్రాంక్లిన్ దాన్ని ఆడవాళ్ల మాటగా మార్చి లోకమంతా మోగించింది.

1967 డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని మొనోనా సరస్సులో విమానం కూలి ఓటిస్ పోయాడు. 26 ఏళ్లు. అంతకు కొద్ది రోజుల ముందే పాడిన ‘డాక్ ఆఫ్ ద బే’ని క్రాపర్ దుఃఖంలోనే కూర్చుని పూర్తిచేశాడు. కెరటాల చప్పుడు, సముద్రపక్షుల అరుపులు కలిపాడు. గొంతు మాత్రం ఓటిస్ పాడి వెళ్లిందే. ఇప్పుడో? పోయినవాళ్ల గొంతుల్ని యంత్రాలతో పుట్టించి పాడిస్తున్నారు. మన బాలుగారి గొంతునీ వదల్లేదు. ఇది తప్పు, ముమ్మాటికీ తప్పు.

కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే. ‘ఓటిస్ బ్లూ’ అరగంట పైచిలుకు, అంతే. ఒక్క పాట కూడా దాటెయ్యకుండా మొదటినుంచి చివరిదాకా వినండి.